ఆద్య చేతిపట్టీ చెప్పిన చీకటి

2017 ఆగస్టులో మా విశ్వవిద్యాలయం నన్ను భౌతికశాస్త్ర విభాగం నుంచి ఒక ఉమ్మడి పరిశోధన బృందానికి రెండేళ్లపాటు పంపింది. సింగపూర్‌లో నా ఉద్యోగం మొదలై అప్పటికి ఇరవై ఆరేళ్లు. హోదా సీనియర్ రీసెర్చ్ సైంటిస్టు, పని కాంతి కొలత. దీపం ఎంత వెలుగునిస్తుందో, ఆ వెలుగును కొలిచే పరికరం ఎంతవరకు సరిగా చెబుతుందో తేల్చడమే నా వృత్తి. వినడానికి చిన్న పని. నాకు మాత్రం రిటైరయ్యేదాకా సరిపోయింది.

ఆ బృందంలో మూడు శాఖలవాళ్లం ఉన్నాం. పిల్లల నిద్ర వైద్యం తరఫున డాక్టర్ లిమ్. బృందానికి నాయకుడు ఆయనే. భౌతికశాస్త్రం తరఫున నేను. వినియోగ సంస్కృతి తరఫున నస్రీన్ అనే యువ అధ్యాపకురాలు. హైదరాబాదీ. జనం వస్తువులను ఎందుకు కొంటారు, కొన్నాక ఇంట్లో వాటిని ఏం చేస్తారు అన్నది ఆమె శాఖ. పిల్లల నిద్ర పేరుతో అమ్మే దీపాలు, దుప్పట్లు, పాటలు పాడే బొమ్మలు ఆ ఏడాది ఆమె పాఠ్యాంశాలు. ఒక వైద్యుడి పక్కన ఆమెకు ఏం పని అని మా విభాగంలో కొందరు నవ్వుకున్నారు. నేను నవ్వలేదు కానీ, సమాధానం నాకూ తెలియదు.

పద్ధతి ఇది. ఆలస్యంగా నిద్రపోయే పిల్లల ఎడమ చేతికి గడియారంలాంటి పట్టీ రెండు వారాలు కడతాం. అది కదలికను, వెలుతురును నిమిషానికి ఒకసారి నమోదు చేస్తుంది. వెలుతురుకు కొలమానం లక్స్. చదువుకునే బల్ల మీద వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటుంది. ఆరుబయట మిట్టమధ్యాహ్నం యాభై వేలు దాటడం ఇక్కడ మామూలే. నిద్రకు ముందు రెండు గంటల సగటు పది లక్స్ కంటే తక్కువైతే ఆ ఇంటిని మేము ‘చీకటి ఇల్లు’ అని రాసేవాళ్లం. చీకటి ఇంట్లో కూడా పిల్ల నిద్రపోవడం లేదంటే, ఒంట్లోని గడియారమే వెనకబడిందని అర్థం. అప్పుడు డాక్టరు నిద్ర వేళను ముందుకు జరిపే మెలటోనిన్ మాత్రలు మొదలుపెట్టే ఆలోచన చేస్తారు. వెలుతురు ఎక్కువగా ఉంటే మందు జోలికి పోకుండా ముందు దీపాలు మార్పిస్తారు.

ఇందులో నా బాధ్యత పట్టీలది. ఇంటికి పంపే ముందు ప్రతి పట్టీని ప్రామాణిక దీపం కింద పెట్టి సరిచూసేదాన్ని. తిరిగి వచ్చాక మళ్లీ సరిచూసేదాన్ని. రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే సంతకం పెట్టేదాన్ని. సంతకం లేని పట్టీ అంకెలను లిమ్ చూసేవాడు కాదు. ఆ విషయంలో మా ఇద్దరికీ మొదటి రోజు నుంచీ పొత్తు కుదిరింది.

2018 మార్చిలో ఆద్య అనే ఏడేళ్ల పిల్ల వచ్చింది. వాళ్లు ద్వీపానికి ఈశాన్య కొసన పుంగ్గోల్‌లో ఉంటారు. బడిలో బల్ల మీద తల పెట్టి నిద్రపోతోందని టీచరు పంపిన ఫిర్యాదుతో మొదలైన కేసు. తల్లి సునీత చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పని చేసేది. తండ్రి ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో. ఒకరిది ద్వీపానికి తూర్పు కొస, మరొకరిది పడమర; ఇద్దరూ ఇల్లు చేరేసరికి పొద్దుపోయేది. పిల్లను చూసుకోవడానికి సునీత తల్లి రాజ్యలక్ష్మి గారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు.

రెండు వారాలయ్యాక పట్టీ తిరిగి ఇవ్వడానికి సునీత మా లాబ్‌కు వచ్చింది. పెట్టెలో, ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, మరక లేకుండా తుడిచి తెచ్చింది. సంతకాలయ్యాక కూడా లేవలేదు.

“ఆంటీ, దీన్లో ఏం తేలకపోతే గురువారం నుంచి రోజూ మాత్ర వెయ్యాలన్నారు డాక్టర్ గారు. ఏడేళ్ల పిల్ల ఆంటీ. మా ఆయనేమో డాక్టరు చెప్పాక ఇంకేంటి అంటాడు. నాకే చెయ్యి రావట్లేదు. మిమ్మల్ని అడక్కూడదేమో గానీ, అవసరమే అంటారా?”

నేను వైద్యురాలిని కాదని, మాత్ర గురించి చెప్పే అర్హత నాకు లేదని, వెలుతురు అంకెలు మాత్రం నా చేతులతో చూస్తానని చెప్పాను. ఆమెకు అది జవాబులా అనిపించలేదని ముఖం చూస్తే తెలిసింది.

పట్టీ పరీక్షలో నెగ్గింది. వెళ్లేముందు ఎంత చూపిందో, వచ్చాకా అంతే. సంతకం పెట్టాను. అంకెలు లిమ్‌కు వెళ్లాయి. సాయంత్రపు సగటు ఎనిమిది లక్స్. చీకటి ఇల్లు. మా నియమం ప్రకారం ఇక మందే.

సునీతకు మాట ఇచ్చాను కనుక సగటుతో ఆగకుండా పగటి అంకెలు కూడా తెరిచాను. ఆటల పీరియడ్‌లో, ఆరుబయట మైదానంలో, ఆ పట్టీ రెండు వేల లక్స్ దాటలేదు. మబ్బు పట్టిన రోజున కూడా ఈ ఊళ్లో ఆకాశం అంత పిసినారి కాదు. అదే బడిలో, అదే తరగతిలో మరో పిల్లవాడు కూడా అవే రోజుల్లో మా పట్టీ కట్టుకున్నాడు. ఇద్దరి అంకెలను పక్కపక్కన పెట్టాను. తరగతి గదిలో, భోజనశాలలో, మైదానంలో, ఎక్కడ చూసినా ఆద్య పట్టీ చూపింది అతని దాంట్లో సుమారు ఇరవై ఐదో వంతు. పిల్ల నీడలో కూర్చునే రకమైతే ఈ నిష్పత్తి చోటును బట్టి మారాలి. ఇది ఎక్కడా మారలేదు. అంటే సెన్సరు ముందు ఏదో అడ్డం ఉంది.

సోమవారం సమావేశంలో ఇది చెప్పాను. లిమ్ ఓపికగా విని, పట్టీ సరిగా ఉందని సంతకం పెట్టింది మీరే కదా అన్నాడు. న్యాయమైన ప్రశ్న. రెండుసార్లూ సరిగానే ఉంది, మధ్యలో పద్నాలుగు రోజులు నేను చూడలేదు అన్నాను. గురువారం లోపు కారణం చూపించగలిగితే ఆపుతాను, లేకపోతే ఉన్న అంకెల మీదే నడుస్తాను అన్నాడు. నేనతని స్థానంలో ఉన్నా అదే అనేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో నస్రీన్‌కు ముందే కుదిరిన ఇంటర్వ్యూ ఉంది. నేనూ వెంట వెళ్లాను. పన్నెండో అంతస్తులో ఫ్లాట్. రాజ్యలక్ష్మి గారు తలుపు తీశారు. బడి నుంచి అప్పుడే వచ్చిన ఆద్య సోఫాలో బిస్కెట్లు తింటోంది. నేను నా అలవాటు కొద్దీ పైన ట్యూబులైట్లు లెక్కపెట్టాను, కిటికీ ఏ దిక్కున ఉందో చూశాను. నస్రీన్ దీపాల గురించి ఒక్క ముక్క అడగలేదు. టీ తాగుతూ బల్ల మీది టీవీ రిమోట్‌ను చేతిలోకి తీసుకుంది. దానికి పూల గుడ్డతో కుట్టిన తొడుగు ఉంది.

“ఎంత సాఫ్‌గా కుట్టిన్రు ఆంటీ! మీరేనా?”

“నేనే. దుమ్ము పడితే బటన్లు పోతాయి గదమ్మా.”

“మా అమ్మీ అయితే సోఫాకి దుకాణం ప్లాస్టిక్ ఇంకా తియ్యలే. చుట్టాలొచ్చి కూర్చుంటే కిర్రుమంటది.”

రాజ్యలక్ష్మి గారు నవ్వారు. “తియ్యొద్దని చెప్పు మీ అమ్మకి. తీసినాకేగా మరకలు పడేది!”

నస్రీన్ అదే గొంతుతో అడిగింది. “పాప చేతి పట్టీకి గూడ కుట్టిన్రా ఏంది?”

“కుట్టకుండా ఎలాగమ్మా? ఆసుపత్రి వాళ్లది. దీనికేమో కుదురుండదు, గోడలకి రాసుకుంటా తిరుగుద్ది. ఓ గీత పడితే ఎవరు సమాధానం చెప్పాల? రెండు కుట్టా. స్నానం చేయించాక తడిది విప్పి పొడిది వేసేదాన్ని.”

ఆద్య బిస్కెట్ ఆపి మాకు సింగపూర్ ఇంగ్లిషు కలిపి విషయం వివరించింది. “అమ్మమ్మ సో స్కేర్డ్ లా! స్క్రాచ్ అయితే హాస్పిటల్ వాళ్లు స్కోల్డ్ చేస్తారంట.”

“మరి తిరిగిచ్చేటప్పుడు?” అని నేను అడిగాను.

ఆమె నన్ను కొంచెం వింతగా చూశారు. “విప్పి, తుడిచి ఇచ్చాం. పరాయివాళ్ల వస్తువు ఎట్లా ఇచ్చారో అట్లా ఇవ్వొద్దూ?”

రెండు తొడుగులూ ఉతికి, మడతపెట్టి, మళ్లీ ఇస్తారేమోనని అల్మరాలో దాచారు. ముదురు నీలం మీద తెల్ల పూలు, లోపల నూలు అస్తరు. పట్టీ కనిపించకుండా మొత్తం మూసేసే కొలతతో కుట్టారు. కదలికకు గుడ్డ అడ్డం కాదు కనుక నిద్ర అంకెలన్నీ సవ్యంగానే వచ్చాయి, వెలుతురు ఒక్కటే తప్పింది. నేను విషయం చెప్పేసరికి రాజ్యలక్ష్మి గారి మొహం పాలిపోయింది.

“అయ్యో, నా మూలానా పిల్లకి మాత్ర రాశారు?”

“ఇంకా రాయలేదండీ. ఒక తొడుగు నాకు అప్పివ్వండి చాలు” అన్నాను.

లాబ్‌కు వెళ్లి ఆ తొడుగును అదే పట్టీకి వేసి ప్రామాణిక దీపం కింద పెట్టాను. పాతిక వంతుల్లో ఒక్క వంతు వెలుతురు లోపలికి వెళుతోంది. ఎనిమిదిని ఇరవై ఐదుతో గుణిస్తే రెండు వందలు. నిద్రపోయే వేళకు రెండు వందల లక్స్ అంటే ఆ పిల్ల దాదాపు చదువుకునే బల్ల దగ్గర పడుకున్నట్టు.

గుణకారం ఒక్కటే చూపిస్తే లిమ్ ఒప్పుకోడని నాకు తెలుసు. అందుకే వడపోతకు ముందున్న అసలు అంకెలు తీశాను. చుట్టుపక్కల అంకెలతో పొంతన లేని ఒకటి రెండు నిమిషాల అంకెలను మా ప్రోగ్రాం చెత్త కింద తీసేసేది. ఫ్రిజ్ తలుపు తెరిచినా, పిల్ల దీపం దగ్గర చెయ్యి పెట్టినా అలాంటివి వస్తాయి. ఆద్య పట్టీలో ప్రతి రాత్రి, సునీత ఇల్లు చేరాక చేయించే స్నానం తర్వాత, ఒకటి రెండు నిమిషాలపాటు అంకె ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ పడిపోయేది. తడి తొడుగు విప్పి పొడిది వేసే వ్యవధి అది. ఆ నిమిషాల్లో పట్టీ చూపిన వెలుతురు రెండు వందలకు అటూ ఇటూ. రెండు వారాల్లో పట్టీ ఆ ఇంటి వెలుతురును నిజంగా చూసింది అప్పుడే. వాటినే మేము చెత్త అని పారేశాం.

బుధవారం ఇదంతా లిమ్ ముందు పెట్టాను. తొడుగును వేలికి తొడిగి అటూ ఇటూ తిప్పి చూశాడు. “వా, గ్రాండ్‌మదర్ బీట్ అస్ ఆల్, ఆ?” అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, లెక్క రెండోసారి అడిగి రాసుకున్నాడు.

గురువారం క్లినిక్‌లో మాత్ర మొదలుపెట్టలేదు. తొడుగు లేకుండా ఇంకో వారం కొలవాలని నిర్ణయించారు. ఆ వారం అంకెలు మా గుణకారాన్ని సమర్థించాయి. కారణం కూడా సాదాసీదాదే. సునీత ఇల్లు చేరాకే ఆ ఇంట్లో హాలు దీపాలన్నీ వెలిగేవి. వంట, భోజనం, ఆమె లాప్‌టాప్, అన్నీ అక్కడే. తల్లి వచ్చేదాకా ఎదురుచూసిన పిల్ల ఆ దీపాల కిందే సోఫాలో ఆమె పక్కన పడుకునేది.

లిమ్ ఇదంతా సునీతకు వివరించాడు. ఆమె నా వైపు తిరిగి తెలుగులో అంది. “అంటే ఆంటీ, నేనింటికొచ్చి లైటేస్తేనే దాని నిద్ర చెడుతోందా?”

“మీరు రావడం అంకెల్లో ఎక్కడా లేదు. ట్యూబులైట్లే ఉన్నాయి” అన్నాను.

ట్యూబులైట్లు ఆపి, సోఫాకు దూరంగా కిందివైపు వెలిగే ఒక చిన్న పసుపు దీపం పెట్టారు. నిద్రకు మంచిదని పెట్టె మీద రాసి ఉన్న ఖరీదైన దీపం కొనబోతుంటే నస్రీన్ వద్దంది. ఇంట్లో ఉన్న పాతదే సరిపోయింది. నెలన్నర తర్వాత కొలిచినప్పుడు ఆద్య మునుపటికంటే దాదాపు గంట ముందుగా నిద్రపోతోంది. అందరు పిల్లల్లా అని చెప్పలేను. ఇప్పటికీ ఆలస్యంగా పడుకునే రకమే. బడి నుంచి మాత్రం మళ్లీ ఫిర్యాదు రాలేదు. ఆద్య ఫైల్లో మెలటోనిన్ కోసం తెరిచిన పేజీ మీద అడ్డగీత కొట్టి లిమ్ తేదీ వేశాడు.

పని అక్కడితో అయిపోలేదు. అప్పటికే పట్టీ కట్టుకున్న కుటుంబాలన్నిటికీ నస్రీన్ ఫోన్ చేసింది. కవరు వేశారా అని అడగలేదు. అలా అడిగితే తప్పు చేశామనుకుని లేదంటారని ఆమె వాదన. పట్టీని ఎలా చూసుకున్నారు అని అడిగింది. తొడుగులు చాలాచోట్ల బయటపడ్డాయి, మనవాళ్ల ఇళ్లలోనే కాదు. ఒక చైనీస్ తల్లి సిలికాన్ తొడుగు ఆన్‌లైన్‌లో కొంది. ఒక మలయ్ ఇంట్లో మెరిసే వస్తువు చూసి బడిలో తీసేసుకుంటారని రిబ్బను చుట్టారు. ఏ ఇంట్లోనూ అశ్రద్ధ లేదు. అందరూ శ్రద్ధగా ఉండటమే మా కొలతను పాడుచేసింది. తొలి విడత వెలుతురు ఫలితాలన్నిటినీ పక్కన పెట్టాం. సిద్ధమైన వ్యాసాన్ని లిమ్ వెనక్కి తీసుకున్నాడు. బృందం పని దాదాపు ఏడాది వెనకబడింది.

రెండో విడతలో మూడు మార్పులు చేశాం. వెలుతురును ఎంత లోపలికి వదులుతుందో ముందే కొలిచిన పారదర్శకమైన తొడుగును పట్టీతోపాటే ఇచ్చాం. వెయ్యొద్దంటే వినరు కనుక మాదే వేయించాం. ప్రోగ్రాం తీసేసే అంకెలను ఒక మనిషి చూశాకే తీయాలన్నాం. మూడో రోజున నస్రీన్ శాఖ నుంచి ఒకరు, నా శాఖ నుంచి ఒకరు ఆ ఇంటికి వెళ్లి టీ తాగి రావాలన్నాం. ఖర్చుల పట్టికలో దాన్ని ‘పరికర తనిఖీ’ అని రాశాను. లెక్కల విభాగం ఆక్షేపించలేదు.

నా వృత్తిలో ఒక పరికరం సరైనదని చెప్పడమంటే, అది నా బల్ల మీద సరైనదని చెప్పడమే. ఇంకొకరి ఇంట్లో అది సరిగా చూపుతుందని నా సంతకం హామీ ఇవ్వదు. ఆ హామీ కావాలంటే ఆ ఇంట్లో వస్తువులను ఎలా వాడతారో తెలిసిన మనిషి బృందంలో ఉండాలి. 2018 నుంచి రిటైరయ్యేదాకా అలాంటి మనిషి లేని ఏ అధ్యయనానికీ నేను పట్టీలు సరిచూసి ఇవ్వలేదు.