బలం గోలీలని అబద్ధం చెప్పాను

నెక్కొండ నుంచి వచ్చిన ఆ అమ్మాయి జాకెట్టును నా బల్ల మీద పరిచి, "ఏంది భాయ్ ఇది, రెండు చేతులు ఒక్క దిక్కుకే ఉన్నయ్" అన్నది. చూశాను. నిజమే, రెండూ కుడి చేతులే కోశాను. వాళ్ల అమ్మ పెళ్లి చీరలోని గుడ్డ అది, ఇంకో ముక్క దొరకదు. వరంగల్‌లో ఇరవై రెండేళ్లుగా కటింగ్ మాస్టర్‌ని. గుడ్డ కోసేది నేను, కుట్టేది మా తమ్ముడు సలీం. కొలత తీసి రాయడం మరవడం, ఒకటి సగంలో ఉండగా ఇంకోటి మొదలుపెట్టడం నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు కత్తెర పట్టాలంటే భయమేసింది.

నిద్ర పట్టడం లేదని సైకియాట్రిస్టు దగ్గరికి పోతే, మేడం నిద్ర సంగతి పక్కన పెట్టి నా బడి రోజుల గురించి అడిగారు. మూడుసార్లు రప్పించి, ఫారాలు నింపించి, "మీకు అడల్ట్ ఏడీహెచ్‌డీ ఉంది, ధ్యాసను ఒకచోట నిలవనీయదు. ఇది బద్ధకం కాదు" అన్నారు. నలభై ఒక్కేళ్లుగా బద్ధకస్తుడినని మాట పడ్డవాడిని, ఆమె ముందే ఏడ్చాను.

ఈసీజీ, బీపీ చూసి మిథైల్‌ఫెనిడేట్ గోలీలు రాశారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మూడు మెడికల్ షాపులు తిరిగితే దొరికింది. పని చేసింది కూడా. పక్కింట్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మిక్సీని ఎవరో ఆపినట్టు తల నిమ్మళమైంది. నాలుగు నెలల్లో ఒక్క గుడ్డ పాడు కాలేదు.

ఇంట్లో మాత్రం బలం గోలీలని చెప్పాను. పిచ్చి మందు తింటున్నాడని తెలిస్తే గుడ్డ ఎవరిస్తారని నా ఫికర్. అంతలో రంజాన్ వచ్చింది. మధ్యాహ్నం గోలీ కోసం రోజా ఉపవాసం మానేద్దామా అని నసిగితే, "బలం గోలీకి ఎవలన్న రోజా ఇడుస్తరా భాయ్?" అని సలీం నవ్వాడు. నిజం చెప్పాల్సిన చోట నేనూ నవ్వాను. షాపు నిండా పండగ బట్టలు. తెల్లవారకముందు తినే సహరీలోనే రెండు గోలీలూ కలిపి వేసుకోవడం మొదలుపెట్టాను, డాక్టరును అడగకుండా.

రెండో వారంలో గుండె దడ మొదలై బల్ల పక్కనే కూలబడ్డాను. దవాఖానలో బీపీ నూట డెబ్భై.

"రెండూ కలిపి ఎందుకు వేసుకున్నారు?" అన్నారు మేడం. చెప్పాను. ఆమె నా పాత చీటీ తిరగేశారు. "రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ గోలీ ఉంది, సహరీలో ఒక్కటే చాలు. ఒక్క ఫోన్ చేస్తే మార్చేదాన్ని."

"ఇప్పుడు ఇయ్యుండ్రి మేడం."

"ఇప్పుడు కుదరదు. మొదట్లో బాగానే చూపించినా బీపీ మీకు ముందునుంచే లోపల ఉండొచ్చు, ఇప్పుడు బయటపడింది. ముందు అది దిగాలి."

దిగలేదు. బీపీ మందులు వేసుకున్నా పైనే ఉంది. బీపీ చూసుకుంటూనే అటామోక్సెటిన్ అనే వేరే గోలీ ఇచ్చి చూశారు. ఆరు వారాలు కడుపులో తిప్పింది, మూత్రానికి ఇబ్బందైంది, ఆపేశారు. క్లోనిడిన్ ఇస్తే కత్తెర చేతిలో ఉండగానే కునుకు పట్టేది. దాన్నీ మెల్లగా తగ్గించి ఆపారు. ఇంకేమున్నాయని అడిగితే, "మీ బీపీకి సరిపడేవి పెద్దగా లేవు. చూస్తూ పోదాం" అన్నారు.

ఆ సాయంత్రమే సలీంకు అంతా చెప్పాను. కోపం చేయలేదు. "ముందుగాల చెప్తే పగటీలి గోలీకి నేనే నీళ్లు తెచ్చిచ్చేటోణ్ణి గద భాయ్" అన్నాడు. వాడు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కటింగ్ సలీందే. నేను హుక్కులు కుడతాను, హెమ్మింగ్ చేస్తాను. షాపు ముందు ఎవరైనా "మాస్టర్" అని పిలిస్తే ఇద్దరం తలెత్తుతాం, నేను మళ్లీ దించుకుంటాను. బాగవుతానన్న ఆశ నాకైతే లేదు. నాలాంటి వాళ్లకు చెప్పేది ఒక్కటే. మీరు వేసుకునే గోలీ అసలు పేరు ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. నేనూ చెప్పాను, కత్తెర తమ్ముడి చేతికిచ్చిన రోజున.