మ్యూజియం మేడంగారి పెట్టె

మ్యూజియం మేడంగారు ఇక లేరని సోమవారం పొద్దున, ప్రార్థనకు ముందు ఫోన్ వచ్చింది. మా కోనసీమ సైన్సు టీచర్లందరికీ ఆవిడ అలాగే తెలుసు. పట్నంలోని సైన్సు మ్యూజియం తరఫున వచ్చి అమలాపురంలో మాకు శిక్షణ ఇచ్చేవారు, బళ్లకు ప్రయోగాల పెట్టెలు ఇచ్చేవారు.

శిక్షణంటే మాకు తెలిసిందల్లా ఉపన్యాసం, మధ్యలో టీ, చివర సంతకం. ఆవిడ మొదటి రోజే బకెట్టు నీళ్లలో ఒలిచిన కొబ్బరికాయ వేసి, "కళ్లు ఎటువైపు ఉండేలా తేలుతుందండీ?" అన్నారు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన వాళ్లం, ఒక్కరికీ తెలీదు! "మీకు తెలుసాండీ?" అని కాస్త పొగరుగానే అడిగాను. "తెలీదండి. అందుకే కదా వేసేను, చూద్దాం," అన్నారు. టీ చల్లారిపోయినా బకెట్టు దగ్గర్నుంచి ఎవరం కదల్లేదు.

మా బడికి వచ్చిన పెట్టెకు మాత్రం వేరే గతి పట్టింది. మా హెడ్మాస్టరుగారు బంగారంలాంటి మనిషే కానీ మహా భయస్థులు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి, బీరువాలో పెట్టి తాళం వేసేశారు. "పిల్లలు పగలగొడితే మ్యూజియం వాళ్లకి ఏం సమాధానం చెప్తామండీ?" అనేవారు. ఏడాది చివర మేడంగారు రాజోలులో బస్సు దిగి ఆటోలో వచ్చారు. ఆయన మురిసిపోతూ పెట్టె తెరిచారు.

"చూడండి మేడంగారూ, ఒక్కటీ చెక్కు చెదరలేదు!"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయ్యో, ఒక్కటీ పగల్లేదాండీ? పగిలితే ఇంకోటి పంపుతాం. వాడకపోతే మాత్రం వేరే బడికి పట్టుకుపోవాలండి."

మా పిల్లలు దాన్ని కళ్లజూసింది కూడా లేదు. ఈ ఒక్కసారికి ఉంచండని బతిమాలాను. ఆవిడ పెట్టె పట్టుకుని ఎనిమిదో తరగతిలోకి వెళ్లి, ముందు బెంచీ అమ్మాయి చేతిలో గాజు పట్టకం పెట్టారు. పట్టకం జారి కింద పడి, ఓ మూల విరిగింది. పిల్ల బావురుమంది. నే చెప్పలేదా అన్నట్టు హెడ్మాస్టరుగారు నా వంక చూశారు.

మేడంగారు ఆ ముక్కను రుమాలుతో తీసి కిటికీ ఎండలో పట్టుకున్నారు. "ఇంత ముక్కలోంచి కూడా రంగులొస్తాయంటావా, అమ్మా?"

"తెలీదండి," అంది వెక్కుతూనే.

"నాకూ తెలీదు."

కాసేపు అటూ ఇటూ తిప్పాక గోడ మీద రంగులు పడ్డాయి. పిల్ల ముక్కు తుడుచుకుని, "ఇంకా చిన్నదైతేనండీ?" అంది. మేడంగారు నా వైపు తిరిగి, "పెట్టె ఇక్కడే ఉంటుందండి," అన్నారు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, "ఈ నెల ఏం పగిలిందండీ?" అనే అడిగేవారు. ఏమీ లేదంటే, "అయితే ఏం చూసేరు?" అని నిలదీసేవారు. ఆవిడకు జవాబు చెప్పడం కోసమే నేను సగం ప్రయోగాలు నేర్చుకున్నాను.

సోమవారం ప్రార్థనలో హెడ్మాస్టరుగారే కబురు చెప్పి, మౌనం పాటిద్దామన్నారు. అందరం తలలు దించుకున్నాం. ఆరో తరగతి వరుసలోంచి సన్నటి గొంతు లేచింది. "సార్, ప్రాణం పోయిందని డాక్టర్లకి ఎలా తెలుస్తాదండీ?"

పక్క టీచరు "ష్!" అంది. హెడ్మాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. "గుండె చప్పుడు వింటారమ్మా."

"అదెలా ఉంటాదండీ?"

ఆయన లోపలికి వెళ్లి, పెట్టెలోంచి స్టెతస్కోపు తెచ్చారు. చొక్కా పై గుండీ విప్పుకుని, ఆ పిల్లకు అందేలా ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఆయ్, వినపడతందండి," అంది పిల్ల గుసగుసగా.

వెనక పిల్లలంతా వరుస కట్టారు. ఎవరూ చప్పుడు చేయడం లేదు. ఆయన కళ్లు మూసుకుని, చివరి పిల్లాడు వినేదాకా అలాగే కూర్చున్నారు.