చెంచురామయ్య గారి ఖాళీ పిస్తోలు

చిల్లకూరు చెంచురామయ్య గారి చేతిలో పడితే పిస్తోలుకు విశ్రాంతి ఉండదు. ఆయన గుండు పెట్టరు, ఎవరికీ గురిపెట్టరు. ఖాళీ పిస్తోలు స్లైడును వెనక్కు లాగి టక్కున వదులుతారు, ట్రిగ్గరు నొక్కుతారు, మళ్లీ లాగుతారు. పెళ్లిసంబంధం మాట్లాడుతూ టక్. వ్రతకథ వింటూ టక్. పురోహితుడు ఉలిక్కిపడి, చదివిన అధ్యాయమే మళ్లీ చదివాడు.

గూడూరులో తుపాకులు బాగుచేసే అమీర్ బాషాకు ఆ చప్పుడు పంటిపోటు.

“గుండుంటే ఆ దెబ్బ కొంత తగ్గుతాది రామయ్యన్నా. ఖాళీగా కొడితే లోపల ఇనుమే అరిగిపోతాది!”

“ఔనా? ఎన్నాళ్లకు అరుగుతాది?” అని ఆయన ఆసక్తిగా అడిగేవారు. టక్.

అరిగిన పిస్తోలును బాగుచేయించడానికి తెచ్చేది మాత్రం ఎప్పుడూ తమ్ముడు ముత్యాలయ్యే. కౌలుదారును అధికారి ఉత్తర్వు లేకుండా పొలం నుంచి తొలగించరాదని చట్టం. అన్న లైసెన్సు తమ్ముడికి చెల్లదనీ చట్టమే. పందొమ్మిది వందల అరవై ఒకటిలో కోతలకు ముందు ముత్యాలయ్య ఆ రెండు చట్టాలనూ పిస్తోలుతో సహా ఒకే తుండుగుడ్డలో చుట్టి బాషా బల్లమీద పడేశాడు.

“రేపు పొద్దున్నే కావాల. ఆ కౌలుదారు జకరయ్య మా మడిలో కోతకు దిగుతాండాడు. ఈసారి పేలాల.”

బాషా శ్రద్ధగా బాగుచేశాడు. సాయంత్రం చెంచురామయ్య గారు చెప్పులైనా వేసుకోకుండా పరుగున వచ్చి పిస్తోలు అందుకున్నారు. టక్. టక్. టక్.

“ఏందన్నా ఈ పిచ్చి! ఇప్పుడే గదా సరిచేసినా!”

“నీ పనితనం తగలెయ్య! ఏడాదంతా నేను అరగ్గొడితే నువ్వు ఒక్కపూటలో బాగుచేస్తావు. పోయిన కోతల్లో తమ్ముడు దీన్ని జకరయ్య మీదికి నొక్కినాడు. పేల్లేదు. రేపు పేలతాది బాషా!”

“దాచెయ్యరాదా?”

“దాస్తే ఇంకోటి కొంటాడు. నాయన పిస్తోలని దీన్ని పట్టుకుని తిరగతాండాడు. తిరగనీ. పేలగూడదు, అంతే.”

బాషా ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత పిస్తోలు కోసం చెయ్యి చాచాడు.

“ఈ లెక్కన తెల్లారినా అరగదు. ఇట్టియ్యన్నా.”

గుండును కొట్టే ముల్లును ఊడదీసి చుట్టల డబ్బాలో వేశాడు.

పొద్దున్నే ముత్యాలయ్య వచ్చాడు. అన్న అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు.

“ముల్లు పోయింది” అన్నాడు బాషా. “జర్మనీ నుంచి రావాల. దిగుమతులకు సర్కారు అడ్డం పెట్టుండాది గదా. అర్జీ పెట్టాల. లైసెన్సుదారు సంతకం చెయ్యాల.”

ముత్యాలయ్య అన్న వైపు తిరిగాడు. “చెయ్యన్నా, తొందరగా!”

“విదేశీ వ్యవహారం తమ్ముడూ” అన్నారు చెంచురామయ్య గారు. “ఆలోచించి చెయ్యాల.”

ఆయన ఆలోచన మొదలుపెట్టే వేళకు చిల్లకూరులో జకరయ్య సగం మడి కోసేశాడు.