లోపలికి పోయే అవును

ఏసుబాబుకి ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరు. అద్దంకిలో ఓ ట్యుటోరియల్ కాలేజీలో నాలుగేళ్ళపాటు పదో తరగతి తప్పిన వీరులందరికీ పాసివ్ వాయిస్ నూరిపోసినవాడు. ఆవు గడ్డి మేసింది, గడ్డి ఆవుచేత మేయబడింది... నిద్రలో లేపి అడిగినా ఇంగ్లీషులో అప్పజెప్పేస్తాడు. అలాంటివాడు ఒకే ఒక్క మాట దగ్గర బోల్తాపడ్డాడు. పెద్ద మాటేమీ కాదండీ. అవును. ఆ ఒక్క అవునూ సరిగ్గా అనలేక ఖాయమైపోయిన పెళ్ళిని చెడగొట్టుకోబోయాడు. ఎలాగో చెప్తాను. నవ్వొస్తే నవ్వుకోండి, ఇప్పుడు అతనూ నవ్వుతాడు.

రెండువేల నాలుగులో ఇథియోపియా బళ్ళకి ఇంగ్లీషు మాస్టార్లు కావాలని పేపర్లో పడితే దరఖాస్తు పెట్టాడు. రెండేళ్ళ ఒప్పందం మీద రమ్మన్నారు. వాళ్ళమ్మ వీరమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలిపనికి పోతూ అతన్ని యమ్మే దాకా చదివించిన మనిషి. కొడుకు విమానం ఎక్కేలోగా పిల్లని ఖాయం చెయ్యాల్సిందేనని పట్టుబట్టింది. మార్టూరు చర్చిలో సంఘపెద్ద జక్రయ్యగారి అమ్మాయి రెబెకాతో ప్రధానం జరిగిపోయింది. అతను తిరిగొచ్చాక పెళ్ళి.

రెబెకాని చూసిన ఆ కాస్త సేపట్లోనే మనవాడి పని అయిపోయింది. పిల్లంటే అంత ఇష్టం పుట్టుకొచ్చింది. కానీ ఏం లాభం, ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకున్నది మొత్తం రెండే ముక్కలు. "కాఫీలో పంచదార సరిపోయిందాండీ?" అని ఆమె. "సరిపోయిందండీ" అని ఇతను. నిజానికి సరిపోలేదు.

"అక్కడ చప్పిడి కూళ్ళు తిని చిక్కిపోమాకు నాయనా" అంటూ వీరమ్మ పాత హార్లిక్స్ సీసా నిండా పండుమిరపకాయ పచ్చడి కుక్కి ఇచ్చింది. ఆ సీసా సంగతి మళ్ళీ వస్తుంది.

ఇథియోపియాలో అతనికిచ్చిన బడి రాజధానికి ఆరు గంటల దూరంలో చల్లటి కొండ ఊళ్ళో ఉంది. మొదటిరోజు క్లాసులో అరవైమంది. ఏసుబాబు గొంతు సవరించుకుని కాసేపు పాఠం చెప్పి, "అర్థమైందా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ముందు బెంచీ మొత్తం నోళ్ళు తెరిచి "హ్హా!" అని గాలి పీల్చింది. బయటికొచ్చే హా కాదు, లోపలికి పోయే హా. ఉలిక్కిపడినట్టు, చటుక్కున.

"పన్నెండో పేజీ తీశారా?" అన్నాడు. ఈసారి అరవైమందీ "హ్హా!"

మన వైపు మనిషి అలా నోరు తెరిచి గాలి ఎప్పుడు పీలుస్తాడో మీకూ నాకూ తెలుసు. కారం నషాళానికంటినప్పుడు. అయ్యో పిల్లలు పొద్దున్నే ఏం కారం తినొచ్చారో అని మాస్టారి మనసు కరిగిపోయింది. మిరప కల్లాల్లో పుట్టి పెరిగినవాడికి ఆ బాధ తెలియదా? బకెట్టు నీళ్ళు, రెండు గ్లాసులు తెప్పించి వరసగా అందరిచేతా తాగించాడు. మర్యాదస్తులైన పిల్లలు, పాపం, మాస్టారు ఇస్తే కాదనకూడదని తాగారు.

"ఇప్పుడు తగ్గిందా?"

"హ్హా!"

ఇంకా తగ్గలేదు కాబోలనుకుని రెండో బకెట్టు తెప్పించాడు. మూడో బకెట్టు వచ్చేసరికి సగం క్లాసు బెంచీల మీద కూర్చోలేక మెలికలు తిరుగుతోంది. గంట కొట్టకముందే మరుగుదొడ్డి ముందు కట్టిన వరస చూసి హెడ్‌మాస్టర్ గిర్మా పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని ఆ పొడుగాటి మనిషి గోడ పట్టుకుని నవ్వాడు.

"మిస్టర్ బాబూ, వాళ్ళు నీళ్ళడగలేదు. అది మా 'అవును'. నోటితో అయితే 'అవో' అంటాం. అంత శ్రమ ఎందుకనుకుంటే ఇలా గాలి పీల్చి ఊరుకుంటాం."

అవునుకి అవో. వింటే మన మాటకి మేనత్త కొడుకులా లేదూ! దాన్ని కూడా మింగేస్తారని ఎవరనుకుంటారు? ఏసుబాబు సిగ్గుతో చచ్చిపోయాడు.

సరే, వాళ్ళ అవును అతనికి తెలిసింది. అతని అవును వాళ్ళకి తెలియాలిగా? మర్నాడు తెస్ఫాయే అనే కుర్రాడు బోర్డు మీద జవాబు రాసి, "రైటేనా టీచర్?" అన్నాడు. ఏసుబాబు మెచ్చుకోలుగా మన పద్ధతిలో తలకాయని ఐమూలగా అటూ ఇటూ ఊపాడు. తెస్ఫాయే మొహం మాడ్చుకుని జవాబు తుడిచేసి ఇంకోటి రాశాడు.

"ఒరేయ్, ముందు రాసిందే కరెక్టు!"

మళ్ళీ రాశాడు. "ఇదేనా టీచర్?" తల మళ్ళీ దానంతటదే ఊగింది. తెస్ఫాయే మళ్ళీ తుడిచాడు. అలా నాలుగుసార్లు జరిగేసరికి సుద్దముక్క అయిపోయింది, కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. ఇంక లాభం లేదని ఏసుబాబు తలకి సెలవిచ్చి తనూ గాలి పీల్చడం మొదలెట్టాడు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళకంటే బాగా పీలుస్తున్నాడు.

ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం గిర్మాని భోజనానికి పిలిచాడు. అన్నంలో వీరమ్మ పచ్చడి కలిపి పెట్టాడు. వాళ్ళూ కారం తినేవాళ్ళే, కాదనను. కానీ అది మన పండుమిరపకాయ.

"బాగుందా సార్?"

"హ్హా!" అన్నాడు గిర్మా.

"ఇంకొంచెం వేసేదా?"

"హ్హా! హ్హా!"

అబ్బ, ఎంత ఇష్టంగా తింటున్నాడో అని మురిసిపోతూ మూడుసార్లు వడ్డించాడు. గిర్మా కళ్ళలోంచి నీళ్ళు ధారలు కట్టాకగాని, అది అవును కాదని అతనికి తట్టలేదు. నీళ్ళు అవసరం లేనివాళ్ళకి బకెట్లు తాగించినవాడు, అవసరమైనవాడికి గ్లాసుడు పొయ్యలేదు. గిర్మా మంచివాడు గనక సరిపోయింది.

ఇక అసలు కొంప ఎక్కడ మునిగిందంటే, ఫోన్లో.

రెబెకా మార్టూరులో ఓ నర్సింగ్ హోమ్‌లో నర్సు. అక్కడికొచ్చేవాళ్ళలో సగంమంది గ్రానైట్ పాలిష్ పని చేసేవాళ్ళే. ఆ దుమ్ము పీల్చి దగ్గేవాళ్ళ గుండెల మీద గొట్టం పెట్టి వినీ వినీ, ఊపిరిలో రవ్వంత తేడా ఉన్నా పట్టేస్తుంది. రెండో ఏడు ఫిబ్రవరిలో ఏసుబాబు మొట్టమొదటిసారి ఆమెకి ఫోన్ చేసినప్పుడు, ఆ పిల్ల ఎన్నాళ్ళనుంచో కూడగట్టుకున్న ధైర్యమంతా తెచ్చుకుని అడిగింది.

"ఏమండీ, మిమ్మల్ని ఒకటి అడగాలి. పెద్దవాళ్ళు చెప్పారని కాకుండా... నేనంటే మీకు నిజంగా ఇష్టమేనా?"

ఏసుబాబుకి ప్రాణం లేచొచ్చింది. జన్మలో ఇంత గట్టి అవును ఎప్పుడూ అనలేదు. రొమ్ము నిండా గాలి లాగాడు.

"హ్హా!"

అవతల రెబెకా ఆ ఊపిరి విని ఫోను చెవికి అదుముకుంది. "ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"హ్హా!"

"ఊపిరి ఆడుతోందా?"

"హ్హా!"

"దేవా! ఇది ఎన్నాళ్ళనుంచండీ?"

"ఏది ఎన్నాళ్ళనుంచి?" అనేలోగా లైను కట్టయింది. ఇతను మనసులో మాట చెప్పేశానని గాల్లో తేలుతూ బసకి పోయాడు. ఆమె ఏడుస్తూ ఇంటికి పోయింది.

వారం తిరక్కుండా జక్రయ్యగారు వీరమ్మ గుమ్మంలో దిగాడు.

"ఏమ్మా, కొడుక్కి ఉబ్బసం ఉందని దాచిపెట్టి ప్రధానం చేసుకుంటారా?"

"ఎవరికీ, నా బిడ్డకా ఉబ్బసం?" వీరమ్మ లేచి నిలబడింది. "మిరపకాయల కుప్పల మీద పడుకుని పెరిగినోడయ్యా ఆడు! ఊరంతా తుమ్మి చస్తంటే ఆడికి ముక్కు కూడా కారదు!"

"అబ్బాయి రానివ్వండి. మా అమ్మాయే పరీక్ష చేస్తది. రొమ్ము బాగుంటేనే పెళ్ళి. లేకపోతే ఉంగరం పంపించేస్తాం."

అంత దూరాన బెంగపెట్టుకుంటాడని వీరమ్మ ఈ సంగతి కొడుక్కి చెప్పలేదు. జూలైలో అతని రెండేళ్ళూ పూర్తయ్యాయి. ఏసుబాబు వచ్చీ రాగానే ఈ కబురు విని కూలబడ్డాడు. రెబెకా తనని వద్దంటుందేమోననే భయంతో మార్టూరు బస్సులో దారి పొడుగునా గోళ్ళు కొరుక్కున్నాడు.

జక్రయ్యగారి వసారాలో బల్ల మీద కూర్చోబెట్టారు. రెబెకా చెవులకి గొట్టం తగిలించుకుని అతని వీపు మీద పెట్టింది. పీల్చమంది, వదలమంది. ఎక్కడా పిల్లికూత లేదు.

"ఆయాసం ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదండీ."

"దగ్గు?"

"లేదండీ."

జక్రయ్యగారు కాస్త మెత్తబడ్డాడు. "ప్రయాణం బాగా జరిగిందా అబ్బాయ్?"

"హ్హా!"

"అదిగో! వచ్చేసింది!" అని జక్రయ్యగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "పడుకోబెట్టండి!"

"ఉండండి నాన్నా." రెబెకా అతని మొహంలోకి తేరిపార చూసింది. "మీ ఊరు దర్శాండీ?"

"కాదండీ."

"అద్దంకా?"

"హ్హా!"

"మీకు చెల్లెళ్ళున్నారా?"

"లేరండీ."

"మీ పేరు ఏసుబాబేనా?"

"హ్హా!" అనేసి, అప్పుడు తట్టి ఏసుబాబు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మూసుకున్న చేతుల సందుల్లోంచే ఇథియోపియా కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. బకెట్లు, సుద్దముక్క, పచ్చడి, ఏదీ వదల్లేదు.

రెబెకా చెవుల్లోంచి గొట్టం తీసేసింది. బుగ్గలు కందిపోయాయి. "అయితే ఆ రోజు ఫోన్లో నేను మొదట అడిగినదానికి..."

"హ్హా" అన్నాడు ఏసుబాబు, చాలా మెల్లగా.

"ఏమడిగావే?" అన్నాడు జక్రయ్యగారు.

"ఆరోగ్యం గురించి నాన్నా" అనేసి లోపలికి పరుగెత్తింది. లోపల్నించి ఆమె నవ్వు చాలాసేపు వినబడింది.

పెళ్ళి కుదిరింది గానీ జక్రయ్యగారి బెంగ తీరలేదు. సంఘపెద్ద ఇంట్లో పెళ్ళి, నాలుగూళ్ళ జనం వస్తారు. "పాస్టరుగారు అడగ్గానే శుభ్రంగా అవును అను నాయనా. గాలి గీలి పీల్చావంటే మా పరువు పోద్ది" అని రోజూ మనిషిచేత కబురు పంపాడు. ఏసుబాబు వారం రోజులు అద్దం ముందు నిలబడి అవును, అవును అని సాధన చేశాడు. వీరమ్మ కొడుక్కి మతి చలించిందేమోనని దిష్టి తీయబోయి, పాస్టరుగారికి తెలిస్తే బాగోదని ఆగింది.

ఆ రోజు చర్చి కిటకిటలాడింది. పాస్టరు యోనాగారు కళ్ళజోడు సర్దుకుని, "ఏసుబాబూ, రెబెకాని నీ భార్యగా స్వీకరించుటకు నీకు సమ్మతమేనా?" అన్నారు. ముందు వరసలో జక్రయ్యగారు ఊపిరి బిగబట్టాడు.

"అవును!" అన్నాడు ఏసుబాబు. వెనక వరస దాకా వినబడేంత గట్టిగా, ఖంగుమని. జక్రయ్యగారు బిగబట్టిన గాలి వదిలి చెమట తుడుచుకున్నాడు.

"రెబెకా, ఏసుబాబుని నీ భర్తగా స్వీకరించుటకు నీకు సమ్మతమేనా?"

రెబెకా తలెత్తింది. ఏసుబాబు వైపు చూసింది. నోరు తెరిచి, రొమ్ము నిండా,

"హ్హా!"

చర్చి చర్చంతా లేచి నిలబడింది. "అమ్మాయికి నీళ్ళివ్వండయ్యా!" అని పాస్టరుగారు కంగారుపడ్డారు. ఎవరో గాలి తగలనివ్వమని అరిచారు. ఏసుబాబు మాత్రం కదల్లేదు. తిరిగొచ్చాక ఆ గాలి అవునుతో తనకి బదులిచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అతని కళ్ళు నిండిపోయాయి.

పాస్టరుగారికి ఏమీ పాలుపోక జక్రయ్యగారి వైపు తిరిగారు. "ఏం జక్రయ్యా, అమ్మాయి ఒప్పుకున్నట్టేనా?"

జక్రయ్యగారు నవ్వుతున్న కూతురి మొహం చూశాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. "హ్హా!" అన్నాడు.