గంజెడు బువ్వ ఎవలు తిన్నరు

మా చెల్లె తిండి చూస్తె నాకే భయమయ్యేది. చెప్పుకుంటె సిగ్గు, గని ఇప్పుడు సిరిసిల్లల ముసలిదాన్నై కూసున్న, ఇంక ఎవలకు దాచాలె? అప్పుడు మేము కోరుట్ల దిక్కు గుట్టల కింది ఊర్లె ఉంటుంటిమి. అవ్వ, బాపు, నేను, చెల్లె, నలుగురమే. పొద్దందాక నేనూ చెల్లె ఒక్క అరుగు మీద చాటలు ఒడిల పెట్టుకొని బీడీలు చుట్టేటోళ్లం. ఒక్కటే పని, ఒక్కటే కూసునుడు. అయినా నేనేమో వడ్ల బస్తా లెక్క, అదేమో పుల్ల. నాకు నాలుగు ముద్దలు తింటె కడుపు నిండేది. అది ముగ్గురి బువ్వ తిని, ఇంక బువ్వ వండిన గంజు అడుగు గీకేది.

వాడకట్టు ఆడోళ్లు మాత్రం నన్ను చూసే నవ్వేటోళ్లు. దీనికి పెట్టలేకనే బాపు బక్కగైతుండు అనేటోళ్లు. నాకు ఒళ్లు మండేది. తినేది అది, మాట పడేది నేను. తిట్టుదామంటె దాని మొఖం చూస్తె మనసొప్పకపోయేది.

చలికాలంల గూడ అది చద్దరు కప్పుకోకపోయేది. పక్కన పండుకుంటె పొయ్యి పక్కన పండుకున్నట్టుండేది. మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు నేను దాన్ని చూసుకుంట కూసుంటుంటి. కాలు కదలది, చెయ్యి కదలది, మెడకాడ నరం మాత్రం ఎగిరెగిరి పడేది. లోపల ఎవలో ఉరుకుతున్నట్టు. రెప్పలు పూర్తిగ మూతపడకపోయేటియి, నిద్రల గూడ నన్నే చూస్తున్నట్టుండేది. ఏందే, నీ లోపల ఎవలున్నరే అని ఒకనాడు నవ్వుకుంట అడిగిన. అది నవ్వలె. నాకూ తెల్వదక్కా అన్నది.

అవి అన్నలు, అదే నక్సలైట్లు, గుట్టల మీద తిరిగే రోజులు. ఎవల ఇంట్ల ఎక్కువ బువ్వ ఉడికితె ఆ ఇంటికి పోలీసు జీపు వచ్చేది. పక్క ఊర్ల ఒకాయనను ఎవలకు వండినవని తీస్కపోయిండ్రు, ఆయన మళ్ల ఇంటికి రాలె. ఆయన భార్య రోజూ ఒక పల్లెం వడ్డించి మూత పెట్టేదట. ఆ సంగతి విన్నకాడికెల్లి మా అవ్వ బువ్వ వార్చుకుంట గూడ వాకిలి దిక్కే చూసేది.

ఒకనాడు పగటిపూట ఆ జీపు మా వాకిట్లనే ఆగింది. ఎస్సై సీదా వంటింట్లకు పోయి గంజు మూత తీసిండు. నలుగురికి గింత బువ్వనా అన్నడు. బాపు ఉన్నదున్నట్టు చెప్పిండు, మా చిన్నబిడ్డ తింటది సారూ అని. ఎస్సై చెల్లెను కిందికెల్లి మీదిదాక చూసిండు. ఆ పెద్ద కండ్లు, ఆ పుల్ల చేతులు. బాపు చెంప మీద ఒక్కటి కొట్టి జీపెక్కుమన్నడు. బాపు చెప్పులు గూడ తొడుక్కోకుండ ఎక్కిండు.

నేను ముందుకు ఎట్ల వచ్చిన్నో నాకు తెల్వది.

"నేను తింట సార్. సిగ్గైతదని బాపు చెల్లె పేరు చెప్పిండు."

ఎస్సై నా దిక్కు ఒక్కసారి చూసిండు, నమ్మిండు. జీపుల జవాన్లు నవ్విండ్రు. బాపును దించి పోయిండ్రు.

జీపు పోయిందన్న మాటేగని భయం పోలె. అది మళ్ల మళ్ల మా వాడకు వచ్చేది. అవ్వ చిన్న గంజు తీసింది. తినేటిదాన్ని నేనని ఊరంత తెలిసె, ఇంక చెల్లెకు ఎక్కువ పెడితె ఎట్ల? అందరి తీర్గ ఒక్క పల్లెం పెట్టేది. అది మారు అడగకపోయేది, బాపు దిక్కు చూసి చెయ్యి కడుక్కునేది. నా పల్లెంలది దాని పల్లెంల వేస్తుంటి, అయినా ఏం సరిపోతది? నెలలు గడిచినకొద్దీ చేతులు వణికి బీడీ దారం గూడ చుట్టలేకపోయింది. నేను జగిత్యాల దవాఖానకు తీస్కపోదామన్న. బాపు వద్దన్నడు. ఇది మస్తు తింటదని డాక్టర్ చిట్టీ మీద రాస్తె మన అబద్ధం బయటపడతది, మళ్ల జీపెక్కిస్తరు అన్నడు. బాపు ఎస్సైకి చెప్పింది నిజమేనని ఆ చిట్టీతోనే తేలుతుండెనని మా నలుగురిల ఒక్కరికి తట్టలె. ఏం బుద్ధులో మాయి, ఇప్పటికీ తలుచుకుంటె నన్ను నేనే కొట్టుకోబుద్దైతది.

వానలు మొదలైనంక జ్వరమచ్చి దాని ఒళ్లు పెనం లెక్క కాలింది. అప్పుడు బస్సెక్కించినం. డాక్టరమ్మ దాని మెడ పట్టి చూసింది. మెడకాడి గ్రంథి హద్దు దాటి పనిచేస్తున్నదన్నది. మామూలుగనైతె కూసున్నకాడ గూడ పెద్ద ఒంటికే ఎక్కువ తిండి కావాలె అనుకుంట నన్ను చూసింది. గని ఈ పిల్లది పండుకున్నా ఒళ్లు కరుగుతనే ఉంటది, తిన్నన్ని రోజులు తట్టుకున్నది, మందు ఎప్పుడో వేయాల్సింది అన్నది. ఇన్ని నెలలు ఎందుకు తీస్కరాలేదని అడిగింది.

పొద్దు గూకేటప్పుడు చెల్లె నా చెయ్యి పట్టుకున్నది. నన్ను గుర్తువట్టిందో లేదో. నా లావు మణికట్టును వేళ్లతోని మెల్లగ ఒత్తి చూసింది.

"అక్కా, నా బువ్వ నువ్వే తిన్నవ్ గదా?"

గొంతుల కోపం లేదు. జ్వరంల దానికి ఆ రోజు నేను ఎస్సైకి చెప్పిన మాటొక్కటే మిగిలింది. కాదే, నీ బువ్వ నువ్వే తిన్నవ్ అని చెప్పాలె. నోరు తెరిచిన. పక్క మంచం మీద దెబ్బలు తాకిన మనిషికి కావలి ఉన్న పోలీసు జవాను మా దిక్కే చూస్తున్నడు. అవ్వ వెనుకకెల్లి నా కొంగు పట్టి గుంజింది.

"ఔ చెల్లే, నేనే తిన్న," అన్న.

అది తలూపింది. తెల్లారకముందే పోయింది.