కాళ్ళకి నీళ్ళిచ్చిన క్యాసెట్

పెళ్ళయి ఏడాది దాటినా మా అక్క అత్తగారు ఒక్క అనుమానం మాత్రం వదల్లేదు. పార్వతీపురం నుంచి మగపెళ్ళివారు మా ఊరు రాయగడ వచ్చి బస్సు దిగినప్పుడు, ఆవిడ అన్నగారికి మావాళ్ళు కాళ్ళకి నీళ్ళివ్వలేదట. అక్కకి రోజూ కాఫీ కంటే ముందు ఆ మాట అందేది.

"ఇచ్చేం. వీడియోలో ఉన్నాది. వచ్చి సూసుకోండి," అన్నాడు నాన్న.

వచ్చారు, అత్తాకోడళ్ళిద్దరూ. ఒప్పందం స్పష్టం: నీళ్ళు కనిపిస్తే అక్క పది రోజులు పుట్టింట్లో ఉంటుంది. లేదంటే సాయంత్రం పాసింజరుకే తిరుగుప్రయాణం. అందుకే అక్క సంచి విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పట్లో అద్దెకు తెచ్చిన ప్రతి సినిమాలోనూ మొదటి పావుగంట వానే. అవి అరిగిపోయిన టేపు గీతలని తెలిసినా, అమ్మ మాత్రం హీరోయిన్‌కి జలుబు చేస్తుందని బాధపడేది. పెళ్ళి క్యాసెట్ కొత్తది గనక వాన లేదు. బస్సు ఆగింది. అన్నగారు దిగారు. నాన్న చెంబు పట్టుకుని వంగబోయాడు.

గుర్రం మీద బందిపోటు వచ్చాడు.

హిందీలో అరుస్తూ, కాగడాతో ఊరు తగలబెడుతున్నాడు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "ఈయన మీ వైపు సుట్టమేటి?"

అందరూ నావైపు చూశారు. ఆదివారం టీవీలో సినిమా వస్తే రికార్డు బటన్ నొక్కింది నేనే. లోపల ఏ క్యాసెట్ ఉందో చూడలేదు. కానీ పెళ్ళి క్యాసెట్ మీద ఇంకేదీ ఎక్కకూడదని వీడియో అతను దాని వెనక ప్లాస్టిక్ ముక్క విరిచే ఇచ్చాడు కదా! బయటికి తీసి తిప్పి చూశాను. ఆ చిల్లు మీద సెల్లోటేపు. చిల్లు మూస్తే మళ్ళీ రికార్డయిపోతుంది. బియ్యం బస్తాకి చిల్లు పడితే ఊరుకోని నాన్న, దీన్నీ ఊరుకోలేదు.

"దుమ్ము లోపలికి ఎలిపోతాదని..." అన్నాడు నాన్న, ఎవరి మొహమూ చూడకుండా.

"ఎలిపోనాది దుమ్మో, సాచ్చమో," అంది అత్తగారు.

అక్క సంచి భుజాన వేసుకుంది. నేను క్యాసెట్ మళ్ళీ లోపలికి తోశాను. బందిపోటు రెండో ఊరికి బయల్దేరాడు, అంతలో బొమ్మ తెగింది. ఆ ఆదివారం సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. మళ్ళీ పెళ్ళి. తెర నిండా అన్నగారు: పంచె మోకాళ్ళ దాకా ఎత్తి, మా నాన్న కొత్త కండువాతో తడికాళ్ళు తుడుచుకుంటూ.

అత్తగారు తెర దగ్గరికి వంగి చూసింది. "ఆ రోజు వానొచ్చిందేమో."

"వాన ఒక్క కాళ్ళకే పడ్డాదేటి అత్తా?" అంది అక్క.

ఆవిడ నవ్వలేదు. "సంచి దించమ్మీ. పది రోజులే. పదకొండో రోజు నేనే వస్తాను," అని లేచింది.

వెళ్తూ వెళ్తూ క్యాసెట్ తన సంచిలో వేసుకుంది. మా దగ్గర ఉంచితే తాళి కట్టేది కూడా బందిపోటేనని ఆవిడ అనుమానం.