మంగళం లేని సంచిక

ఆ రోజుల్లో మాధవరం పాల కాలనీలోని మా ఇంట్లో చదివేసిన పుస్తకం విలువ కిలోల్లో తేలేది. ఏది అలమరలో ఉండాలో, ఏది పాతపేపర్ల అంగడికి పోవాలో నిర్ణయించే అధికారం అవ్వది. నా ఆంగ్ల కామిక్కుల కట్ట తూకానికి బయలుదేరిన రోజున, దాన్ని కాపాడుకోవడానికి నేనొక వాస్తవాన్ని ఆమె ముందుంచాను: అందులోని నాయకుడు దేవుడు. (ఇది అక్షరాలా నిజం. లోకాలను మోసగించిన ఒక మాయావి దేవుడు బుద్ధి మార్చుకుని, ఇక అబద్ధమాడనని ఒట్టు పెట్టుకుని, సూపర్‌హీరోల జట్టులో చేరి ప్రాయశ్చిత్తం చేసుకుంటూ ఉంటాడు.) “దేవుడా? ముందే చెప్పొద్దా!” అంటూ అవ్వ ఆ కట్టను పూజ అలమరలో పెట్టింది. స్నానం చేయకుండా దాన్ని తాకే హక్కు ఆనాటితో నాకు పోయింది. గుడ్డు తిన్న రోజున పేజీ తిప్పే హక్కూ పోయింది. ప్రతి శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక నేను బొమ్మలు చూపిస్తూ తెలుగులో కథ చెప్పాలి, ఆమె వినాలి. చివర్లో హారతి.

ఏర్పాటు సజావుగా సాగుతుండగా, ఒక శుక్రవారం, ఆ నెలే వచ్చిన కొత్త సంచిక చివరి పేజీలో దేవుడు నగరాన్ని కాపాడబోయి మరణించాడు. తరువాయి వచ్చే నెల అని కింద ఉంది. పుస్తకం మూయబోయాను.

“ఏందిరా మూస్తావు? సావు కాడ పారాయణం ఆపేది ఏడన్నా ఉందా? ఇంటికి మంచిది కాదు. వాడు లేచినాకనే నేను లేచేది, తినేది.”

“మిగతాది వచ్చే నెల అవ్వా.”

“అయితే వచ్చే నెలే తింటాలే.”

వంటింటి గడపలో ఇడ్లీల పళ్ళెంతో నిలబడిన అమ్మ గొంతు మారిపోయింది. “రేయ్, షుగరు మాత్ర ఏసుకునుందిరా! బతికించరా వాణ్ణి!”

నా ఇబ్బంది సాంకేతికమైనది. పేజీలో శవం స్పష్టంగా ఉంది. అది అతనిది కాదనాలంటే, పాత మాయతో తన నకలును అక్కడ పడుకోబెట్టి ఉండాలి. అలా చేస్తే ఒట్టు తప్పినట్టే. అంటే, బతికి ఉంటే మారలేదు. మారి ఉంటే బతకలేదు. ఈ చిక్కును అవ్వకు సావధానంగా వివరించాను. వింటుండగానే మాత్ర పనిచేసి, ఆమె నుదుట చెమట పట్టింది.

“పావం, బిడ్డ,” అంది అవ్వ. “ఇన్నాళ్ళూ నిజమే చెప్పినాడు కదా. పానం కోసరం ఒక్క అబద్ధం ఆడితే ఏమంట? లేపురా.”

లేపాను. పొగలోంచి నవ్వుతూ నడిచి వచ్చాడన్నాను. అవ్వ హారతి ఇచ్చి, చట్నీలో ఉప్పు తక్కువైందని చెబుతూ ఇడ్లీలు తింది. అమ్మ గడపలోనే కూర్చుండిపోయింది.

మరుసటి నెల సంచికలో అంత్యక్రియలు పూర్తి వివరాలతో ఉన్నాయి. కథ అక్కడితో సమాప్తం. శుక్రవారం దీపం వెలిగింది. “ఏం జేస్తా ఉండాడు మనోడు?” అని అడిగింది అవ్వ. చితి మండుతున్న పేజీ తెరిచి, చలి కాచుకుంటున్నాడని చెప్పాను. అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని ఆ బొమ్మను చాలాసేపు చూసింది. “వాన్లో తడిసినట్టుండాడులే,” అంది.

ఆమె ఉన్నంత కాలం శుక్రవారాలన్నీ ఆ చివరి సంచికలోంచే చదివాను. అందులో అతను మళ్ళీ ఒక్కసారీ చనిపోలేదు. ఇప్పుడు నేను మా కాలనీకి దగ్గర్లోనే ఉన్న మనలిలో ఒక రసాయన కర్మాగారంలో ఇంజనీరును. మీటరు చూపనిది నివేదికలో కనబడితే ఆ కాగితాన్ని తిప్పి పంపుతాను (ఈ విషయంలో నా కింది వాళ్ళలో నాకు మంచి పేరు లేదు). ఆనాటి కుర్రవాడు నా దగ్గరికి ఉద్యోగానికి వస్తే తీసుకోను. శుక్రవారం సాయంత్రం వస్తే మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి, ఏం జేస్తా ఉండాడు మనోడు, అని అడుగుతాను.